బోడగుట్టపల్లె బిందెలు

జనగామ బస్టాండు దగ్గర ఒక మోటార్ వైండింగ్ దుకాణంలో రుచిత అనే అమ్మాయి రాగి తీగ చుడుతూ కనిపిస్తుంది. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి ముందు పడేస్తే, విప్పి, మసిబారిన తీగ లాగేసి, కొత్తది చుట్టి పంపిస్తుంది. మొదట్లో "ఆడివిల్లవు, నీకొస్తదా" అని అడిగినవాళ్ళే ఇప్పుడు ఆమె లేకపోతే రేపొస్తామని వెళ్ళిపోతున్నారు. మా కాలేజీలో మాత్రం ఆమె పేరెత్తితే ఇప్పటికీ మూతి ముడుస్తారు. నోరెక్కువట. పెద్దాచిన్నా తెలియదట. కాలేజీ పరువు తీసిందట.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నా పేరు సునంద. ఆ ప్రైవేటు పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ నేనే చూసుకుంటాను. మూడేళ్ళు నా బల్ల దగ్గర పనిచేసిన పిల్ల రుచిత. సాల్డరింగ్ పొగ కళ్ళలోకి పోయినా చిన్న మాట అనేది కాదు. అంత నెమ్మదైన పిల్లకు నోరెక్కువని పేరు పెట్టినవాళ్ళు, తాము నోరు తెరవాల్సిన రోజున ఏం చేశారో మాత్రం ఎక్కడా చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

రుచితది చిల్పూరు దాటి లోపలికి పోతే వచ్చే బోడగుట్టపల్లె. ఊరిని ఆనుకుని గుట్ట, గుట్ట అవతలి పక్కన గ్రానైట్ క్వారీ. తండ్రి యాకయ్య ఆ క్వారీలోనే కోసిన బండలకు గొలుసులు కట్టే కూలి. తల్లి పుష్ప పత్తి ఏరడానికి, నాట్లకు పోతుంది. ఇంటిని, పిల్లను చూసుకున్నది నాయనమ్మ బుచ్చవ్వ. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకు క్వారీ సైరన్ మోగుతుంది. ఊళ్ళో దాన్ని కూత అంటారు. కూత పడ్డ కాసేపటికి బాంబులు పేలతాయి. గోడలు అదురుతాయి, దుమ్ము రాలుతుంది. బుచ్చవ్వ ఇంటి వెనకగోడకు నిలువునా పగులు. దాన్ని మట్టితో పూడిస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. క్వారీవాళ్ళ కాగితాల్లో మాత్రం ఊరిదాకా ఏ అదురూ రాదు, అంతా అనుమతించిన హద్దులోనే ఉంది.

ఆ ఏడాది క్వారీవాళ్ళు గుట్ట ఇవతలి వైపు కూడా తవ్వుకుంటామని దరఖాస్తు పెట్టారు. కొత్త హద్దురాయి బుచ్చవ్వ పెరటి వెనక పాతుతారు. పగిలిన గోడ అవతలే బాంబులు పెడతారన్నమాట. ఆ ఇల్లు నిలవదని ఇంజినీరింగ్ చదవకపోయినా చెప్పొచ్చు. దరఖాస్తు మీద ఊళ్ళోనే ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని, అక్కడ ఎవరేమన్నా రాసుకుంటారని చాటింపు వేశారు. కానీ "గోడ పగిలింది" అంటే క్వారీవాళ్ళు "పాత గోడ, పగలదా" అంటారు. "అదురుతుంది" అంటే "నీకు అనిపిస్తుంది" అంటారు. రుచిత మనసులో అప్పటికే ఈ కోపం ఉడుకుతోంది.

అదే సమయంలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు వచ్చాయి. మనిషి తాకినా, దగ్గరికి వచ్చినా బదులిచ్చే వస్తువునో, చోటునో తయారుచేయాలని అంశం ఇచ్చారు. ప్రతి ఏడూ ఇలాంటిదేదో ఇస్తారు, ప్రతి ఏడూ మావాళ్ళు చెత్త వేస్తే థాంక్యూ చెప్పే డబ్బా పట్టుకొస్తారు. సగం మంది హైదరాబాదులో తయారుగా అమ్మేది కొనుక్కొచ్చి, పైన స్టిక్కరు మారుస్తారు. వచ్చిన ముఖ్య అతిథి అందులో అరటి తొక్క వేస్తాడు, అది థాంక్యూ అంటుంది, అందరూ చప్పట్లు కొడతారు. కాలేజీ ఆవరణలో చెత్త మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

రుచిత నా దగ్గరికి వచ్చి ఒక ఇత్తడి బిందె బల్ల మీద పెట్టింది.

"మేడం, మా ఊర్ల గోడ అదిరితే గీ బిందె గిక్కడ అదరాలె. పట్టుకున్నోళ్ళ చేతికి తెల్వాలె," అంది.

ఎలాగో విడమర్చి చెప్పింది. ఊళ్ళో గుట్టవైపున్న కొన్ని ఇళ్ళలో, గోడకున్న సెల్ఫు మీది బిందెల్లో అదురును పట్టే చిన్న పరికరం అతికిస్తుంది. మామూలు కదలికలను వదిలేసి, అదురు వస్తే మాత్రం అది సిమ్ కార్డు ద్వారా కబురు పంపుతుంది. ఇక్కడ కాలేజీలో అలాంటి సెల్ఫే, అలాంటి బిందెలే. లోపల చిన్న మోటారు. అక్కడ బిందె అదిరితే ఇక్కడి బిందె, ఎవరైనా రెండు చేతులా పట్టుకుని ఉంటే, వాళ్ళ చేతుల్లో వణుకుతుంది. చూస్తే తెలియదు, పట్టుకుంటేనే తెలుస్తుంది.

నాకు నచ్చింది. చెత్తడబ్బాలు చూసీ చూసీ విసిగిపోయిన ప్రాణం కదా. ఆమెతో కలిసి చేయాల్సిన పిల్లలు మాత్రం క్వారీ పేరు వినగానే జారుకుని డబ్బా జట్టులో కలిశారు. రుచిత ఒంటరిగానే చేసింది. ఒక సెలవు రోజు ఊరికి పోయి, అతికించింది ఇంకా ఆరలేదు, బిందె ముట్టుకోవద్దని బుచ్చవ్వకు చెప్పి, పక్కనే నిలబడి పరీక్షించింది. ఇక్కడ వర్క్‌షాప్‌లో నేను బిందె పట్టుకుని కూర్చున్నాను. బాంబు పేలిన క్షణాన నా అరచేతుల్లోంచి మోచేతుల దాకా వణుకు పాకింది. బిందె వదిలేశాను. అది బల్ల మీద పడి సొట్టపోయింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

ప్రదర్శనకు ముఖ్య అతిథి ఎవరో తెలిశాక నా తల తిరిగింది. క్వారీ యజమాని లక్ష్మీకాంత్. మా కాలేజీలో చల్లని నీళ్ళ యంత్రం ఆయన పెట్టించిందే. ప్రిన్సిపాల్ విజయలక్ష్మి గారు రుచితను పిలిచి, ప్రాజెక్టు ముందున్న బోర్డు మీద "క్వారీ" అన్న మాట తీసేయమన్నారు.

"భూకంపం హెచ్చరిక అని రాయమ్మా. అందరికీ బాగుంటుంది."

"మా ఊర్ల భూకంపం రాలేదు మేడం," అంది రుచిత. ఆమె నోరెక్కువకు ఇదే మొదటి ఉదాహరణగా ఇప్పటికీ చెబుతుంటారు.

ఆవిడ నా వైపు చూశారు. జనగామ జిల్లాలో భూకంపాన్ని ఎక్కడి నుంచి తెచ్చిపెట్టమంటారని అడిగాను. బోర్డు అలాగే ఉండిపోయింది. నేను మాత్రం ఆవిడకు పడనివాళ్ళలో చేరిపోయాను.

లక్ష్మీకాంత్ మొరటు మనిషి అనుకునేరు. కాదు. తెల్లని చొక్కా, మెత్తని మాట. నవ్వుతూ అందరినీ పలకరించాడు. చెత్తడబ్బాలో అరటి తొక్క వేశాడు. రుచిత బల్ల దగ్గరికి వచ్చి బోర్డు చదివాడు, మొహంలో ఏ మార్పూ లేదు.

"యాకయ్య బిడ్డవా? మంచిగ చేసినవ్ బిడ్డ. ఏం జెయ్యాలె నేను?"

"బిందె పట్టుకోండి సార్. ఇప్పుడు కూతవడే యాళ్ళయింది."

రెండు చేతులతో బిందె పట్టుకున్నాడు. చుట్టూ పిల్లలు, లెక్చరర్లు, ఫోన్లు పైకెత్తినవాళ్ళు. గోడ గడియారం వైపు చూస్తూ అందరం నిలబడ్డాం. పేలే వేళ వచ్చింది, దాటిపోయింది. బిందె ఉలకలేదు, పలకలేదు. రుచిత తీగలు తడిమి చూసింది. ఇంకో బిందె ఆయన చేతికిచ్చింది. అదీ అంతే.

"సూసిన్రా," అన్నాడు లక్ష్మీకాంత్ నవ్వుతూ, "మన క్వారీ ఎంత సాఫీగ నడుస్తదో మన పిల్ల మిషినే చెప్తున్నది." బిందె పట్టుకునే ఫోటోకు నిలబడ్డాడు. పక్కన నిలబడమని రుచితను లాగారు. విజయలక్ష్మి గారు మొట్టమొదట చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి.

నెట్‌వర్క్ దొరకలేదేమో అనుకుంటూ రుచిత ఆ సాయంత్రం ఊరికి పోయింది. ఇంట్లో బుచ్చవ్వ సంబరంగా ఎదురొచ్చింది.

"నీ బిందె పదిలంగ ఉన్నది బిడ్డ. కూతవడంగనే దించిన. కాలేజి సామాను కద, పలిగితె ఎట్ల అని రెండు బొంతలేసి పండవెట్టిన."

ఆ ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న అలవాటది. మునుపు ఒకసారి అదురుకు పై సెల్ఫు మీది బిందె జారి బుచ్చవ్వ పాదం మీద పడింది. బొటనవేలు నుజ్జయింది. అప్పటినుంచి కూత పడితే చాలు, గుట్టవైపు ఇళ్ళలో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి పై సెల్ఫు మీది బిందెలు, వంట గంజులు దించి, కింద మడత పెట్టిన బొంత మీద బోర్లిస్తారు. బాంబు పేలాక దుమ్ము తుడిచి మళ్ళీ పైన పేరుస్తారు. రుచిత పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని. ఎంత మామూలంటే, అది ఒక అడ్డంకి అవుతుందని ఆమెకు తట్టనే లేదు. పరీక్ష రోజున ముట్టుకోవద్దంటే ఆ ఒక్కరోజుకే అనుకుంది బుచ్చవ్వ. పరికరాలు పెట్టిన మిగతా ఇళ్ళవాళ్ళు కూడా అంతే జాగ్రత్తగా దించి బొంతల మీద పడుకోబెట్టారు.

"ఎందుకు దించినవే అవ్వా? నన్ను నవ్వులపాలు చేసినవ్," అని రుచిత ఏడ్చింది.

"కూతవడితె దించకుంట ఎట్లుంటరే?" అంది బుచ్చవ్వ. ఆమెకు మనవరాలి ఏడుపు అర్థం కాలేదు.

అంతటితో పోయేదే. కానీ కొన్నాళ్ళకు ఊళ్ళో ఇంటింటికీ రంగుల కరపత్రం పంచారు. అభిప్రాయ సేకరణకు ముందు క్వారీవాళ్ళు వేయించింది. మధ్యలో లక్ష్మీకాంత్ బిందె పట్టుకుని నవ్వుతున్న ఫోటో, పక్కన రుచిత. కింద, మీ ఊరి విద్యార్థిని తయారుచేసిన యంత్రమే ఊళ్ళో ఏ అదురూ లేదని తేల్చింది, అని రాశారు. చూసి నేను ప్రిన్సిపాల్ గదిలోకి పోయి బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివి, మన కాలేజీ పేరు కూడా వేశారే అని సంతోషించారు. నేను ఆ గదిలో ఏమన్నానో ఇక్కడ రాయను. నాకు మెమో వచ్చిందని మాత్రం చెబుతాను.

బోడగుట్టపల్లెలో రుచిత బయటికి రావాలంటే భయపడే పరిస్థితి వచ్చింది. "సదువుకున్న పిల్ల అనుకున్నం, మన కొంపే ముంచె," అని బోరింగు దగ్గర వినేటట్టే అన్నారు. బుచ్చవ్వ ఆ కరపత్రాన్ని తిరగేసి మరగేసి చూసింది. చదవడం రాదు. ఫోటోలో మనవరాలు ఎందుకు ఏడుపు మొహం పెట్టుకుందని అడిగింది. రుచిత ఉన్నదంతా చెప్పింది. ఆ రోజు కూత పడ్డప్పుడు బిందెలు దించి, గోడకు ఆనుకుని, పగులు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

రుచిత మళ్ళీ వర్క్‌షాప్‌కు వచ్చినప్పుడు కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ గొంతు గట్టిగా ఉంది.

"మేడం, పట్టవల్సింది ఒకటైతె నేనొకటి పట్టిన. అదురు ఎంతున్నదని చూపెడితె హద్దుల్నే ఉన్నదంటరు. కూతకు మా అవ్వోళ్ళు ఏం జేస్తున్రో గదే చూపెట్టాలె. గది ఎవ్వలు కాదంటరు?"

ఈసారి చేసింది ఇంకా చిన్న పని. సెల్ఫు మీద బిందె కింద పలచని బిళ్ళ. బిందె బరువు దాని మీద ఉన్నంతసేపూ ఏమీ జరగదు. బిందె ఎత్తిన మరుక్షణం కబురు పోతుంది. ఇక్కడ ఒక చెక్క సెల్ఫు, దాని అరల్లో వరసగా బోర్లించిన చిన్న స్టీలు గ్లాసులు, ఒక్కో గ్లాసు ఒక్కో ఇల్లు. ఆ ఇంట్లో బిందె ఎత్తితే ఇక్కడ ఆ గ్లాసు కింద బల్బు వెలుగుతుంది. బిందె తిరిగి పైన పెడితే ఆరిపోతుంది. సెల్ఫు ముందు ఒక ఎర్ర బటన్. అది నొక్కితే క్వారీ కూత వినిపిస్తుంది. రుచిత గుట్ట కిందికి పోయి రికార్డు చేసుకొచ్చిన కూత అది.

ప్రిన్సిపాల్ ఈ ప్రాజెక్టు ఒప్పుకోనన్నారు. పాతదానికే మార్కులు వేస్తాం, ఊరుకోమన్నారు. అబద్ధానికి మార్కులు, నిజానికి మెమోలు. నేను వర్క్‌షాప్ తాళంచెవి రుచిత చేతిలో పెట్టాను.

తిట్టిన ఇళ్ళకే ఆమె మళ్ళీ తిరగాల్సి వచ్చింది. "మల్ల ఏం మిషిను తెచ్చినవ్, గీసారి ఉన్న ఊరు గుంజుకునేటందుకా?" అన్నవాళ్ళున్నారు. బుచ్చవ్వ కర్ర పట్టుకుని వెంట నడిచింది. "పెట్టుకోండ్రి, తినదు తాగదు," అని ప్రతి గడపలో తనే చెప్పింది. యాకయ్య మాత్రం కూతురి ముందు కూర్చుని బతిమాలాడు.

"నా కూలి పోతది బిడ్డ. మేస్త్రీ ఇప్పటికె కోపంగ చూస్తున్నడు. జర ఊకో."

"ఇల్లు పోతే కూలి జేసి ఏడికొస్తవ్ బాపు?" అంది రుచిత. ఆయన లేచిపోయాడు. కానీ తన సెల్ఫు మీది బిళ్ళ తీసేయమని అనలేదు.

అభిప్రాయ సేకరణ రోజు నేను సెలవు పెట్టి పోయాను. బడి ఆవరణలో షామియానా వేశారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి మధ్యలో, పక్కన లక్ష్మీకాంత్, ఆయన మేనేజరు. స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లు మైకులో మాటను ఊరంతటికీ వినిపిస్తున్నాయి. మగవాళ్ళు ముందు కూర్చున్నారు, చాలామంది క్వారీలో పనిచేసేవాళ్ళే, ఒక్కరూ తలెత్తడం లేదు. ఆడవాళ్ళు కొందరే వచ్చారు. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు ఇళ్ళలోనే ఉన్నారు. ఆ పూట పేల్చడం ఆపేశామని, అందరూ ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చని లక్ష్మీకాంత్ మైకులో చెప్పలేదు, అధికారి చెవిలో చెప్పాడు. ముందు కూర్చున్నవాళ్ళకు మాత్రం వినిపించింది.

తర్వాత మైకు అందుకుని ఉద్యోగాల గురించి, ఊరి అభివృద్ధి గురించి మాట్లాడాడు. కరపత్రం ఎత్తి చూపించాడు. "ఈ ఊరి పిల్లే పరీక్ష చేసింది సార్. ఇక్కడ ఎవ్వరికి ఏ భయం లేదు."

రుచిత లేచి చెక్క సెల్ఫు తీసుకొచ్చి అధికారి ముందు బల్ల మీద పెట్టింది. అక్కడున్న మైకును కొంచెం పక్కకు జరిపింది. ఎటు జరిపిందో నేను చూశాను, నోరు మూసుకున్నాను. మోసమంటే అనండి. ఊరందరికీ ముందే చెప్పి చేస్తే నాటకమనేవాళ్ళు. ఆమె ముందుగా చెప్పింది ఒక్క బుచ్చవ్వకే.

"ఇదేంటమ్మా?" అన్నాడు అధికారి.

"మా ఇండ్లు సార్. ఒక్కో గిలాస ఒక్కో ఇల్లు."

"ఈ బటన్ నొక్కితే ఏమవుతుంది?"

"నొక్కి చూడండి సార్."

నొక్కాడు. కూత మొదలైంది. పక్కనే ఉన్న మైకు దాన్ని అందుకుంది, స్పీకర్లు ఊరంతా కూశాయి. కొన్ని క్షణాలు ఏమీ కాలేదు. లక్ష్మీకాంత్ పెదవి మీద పాత నవ్వు మొదలైంది. అప్పుడు పై అరలో ఒక గ్లాసు కింద బల్బు వెలిగింది. దాని పక్కది వెలిగింది. కింది అరలో రెండు ఒక్కసారే. తర్వాత ఏది ముందో ఏది వెనకో చెప్పలేనంత వేగంగా వెలుగుతూ పోయాయి.

షామియానాలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. కూత ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళ కళ్ళముందే ఉంది, ఆ పూట పేల్చరన్న మాట ముందు వరసల నుంచి కొందరి చెవిన పడింది కూడా. అయినా లేచారు. బుచ్చవ్వ కూడా లేచి కర్ర అందుకుంది.

"అవ్వా, ఉత్తదే. నీకు చెప్పిన కదా," అంది రుచిత మెల్లగా.

"ఎర్కనే బిడ్డ," అంది బుచ్చవ్వ. కూర్చుంది. మళ్ళీ లేచింది. కుంటుకుంటూ ఇంటిదారి పట్టింది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళూ పోయారు. ఇంకాసేపటికి ఆరి ఉన్న ఒకటీ రెండూ కూడా వెలిగాయి.

రుచిత మైకు లేకుండానే అధికారికి చెప్పింది, ఆ ఇళ్ళలో ఏం జరుగుతోందో, ఎప్పటినుంచి జరుగుతోందో. ఆయన విని లక్ష్మీకాంత్ వైపు చూశాడు. లక్ష్మీకాంత్ నవ్వు తగ్గలేదు. "అంత భయమైతే కిందనే పెట్టుకోవచ్చు కద సార్," అన్నాడు.

ఆ మాటకు నాకు లేచి ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది. ఒక ఆడమనిషి తన ఇంట్లో తన బిందె ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఈయనే చెబుతాడు. రుచిత గొంతు పెంచలేదు. "ఇంటికెవరన్న వస్తే ముందుగాల చూసేది సెల్ఫే సార్. మా అవ్వ దినాం తోమి పేర్చుకుంటది. ఆ గుట్ట మీరు రాకముందు సుత ఉన్నది, మా సెల్ఫు సుత ఉన్నది," అంది. ముందు వరుసలో యాకయ్య తలెత్తి కూతురిని చూశాడు.

సమావేశం అక్కడే ఆగిపోయింది. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఎండ షామియానా కిందికి జరుగుతూ వచ్చింది. అధికారి బల్బుల వైపు వంగి చూశాడు.

"ఇవి ఎప్పుడు ఆరుతాయమ్మా?"

"బాంబు పేలినంక సార్. అప్పటిదాక ఎవ్వలు పైన పెట్టరు."

బాంబు లేదు. ఆ సంగతి ఇళ్ళలో ఉన్నవాళ్ళకు తెలియదు. గోడల పక్కన, బొంతల దగ్గర కూర్చుని పేలుడు కోసం ఎదురుచూస్తున్నారు. "వాళ్ళకు ఎవరైనా చెప్పండి," అన్నాడు అధికారి. లక్ష్మీకాంత్ మేనేజరును పొమ్మని సైగ చేశాడు. రుచిత మైకు తీసి లక్ష్మీకాంత్ ముందు పెట్టింది.

"మీరే చెప్పండి సార్. మీరు చెప్తేనే నమ్ముతరు."

అధికారి కూడా చూస్తున్నాడు. తప్పించుకునే దారి లేదు. లక్ష్మీకాంత్ గొంతు సవరించుకుని మైకులో అన్నాడు. "నేను లక్ష్మీకాంత్‌ను మాట్లాడుతున్న. ఇయాల బాంబులు లేవు. బిందెలు పైన పెట్టుకోండ్రి."

స్పీకర్లలో ఆ మాట ఊరంతా తిరిగి, గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. అధికారి రాస్తున్న చెయ్యి ఆపి తలెత్తాడు.

"కూత పడితే బిందెలు దించుతారని మీకు ముందే తెలుసా?"

"ఊరందరికి ఎర్కున్నదే కద సార్," అనేశాడు లక్ష్మీకాంత్. అన్నాక ఆ నవ్వు పోయింది. అధికారి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. పక్కనున్న కరపత్రాన్ని మడిచి ఆ కాగితాలకే జతచేశాడు.

తర్వాత సంగతి చెప్పాలంటే, గుట్ట ఇవతలి వైపు తవ్వకానికి అనుమతి రాలేదు. ఫైలు వెనక్కి పంపారని విన్నాం. అటువైపు క్వారీ మాత్రం నడుస్తూనే ఉంది. యాకయ్యను మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. ఎందుకో చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్తాలు మోస్తున్నాడు. రుచిత పై చదువు ఆపి మోటార్ల దుకాణంలో చేరింది అందుకే. ప్రాజెక్టుకు బొటాబొటి మార్కులు వేశారు. థాంక్యూ చెప్పే డబ్బాకు మొదటి బహుమతి వచ్చింది. ఇది గెలుపు కథ అనుకునేవాళ్ళ మీద కూడా నాకు కోపమే.

ఆ మధ్యాహ్నం మైకులో మాట విన్నాక బల్బులు ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి. ఆఖరికి పై అరలో ఒకటి మిగిలింది. ఎంతసేపటికీ ఆరలేదు. అది బుచ్చవ్వ ఇల్లు. రుచిత, నేను కంగారుగా పోయాం. తలుపు తీసే ఉంది. పగిలిన గోడ పక్కన బుచ్చవ్వ కూర్చుని ఉంది. ముందు బొంత మీద బిందెలు, గంజులు బోర్లించి ఉన్నాయి. పెద్ద బిందె మీద చెయ్యి వేసుకుంది.

"మైకుల చెప్పిండు కదనే అవ్వా, బాంబులు లేవని. విన్లేదా?" అంది రుచిత.

"విన్న. ఇయాల లేవన్నడు," అంది బుచ్చవ్వ. "రేపటి సంగతి చెప్పిండా?"

రుచిత నాయనమ్మ పక్కన నేల మీద కూర్చుని, తనూ ఆ బిందె మీద చెయ్యి వేసింది.